‘జెంటూ’ అంటే తెలుగువాళ్ళా, హిందువులా, లేక ‘జంతువులా’?

తుంగభద్ర_తీరం

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇంగ్లీషువాళ్ళు ఒకప్పుడు తెలుగు భాషని ‘జెంటూ’ అనేవాళ్ళట. అది మన ‘జంతువు’ అనే మాటేనట. అంటే మనల్ని పశువుల కింద జమకట్టారట. ఇలాంటివి రోజుకి పది వస్తాయి, మావాళ్ళు చదవకుండానే అందరికీ పంపించేస్తారు. కానీ కాస్త వెతికితే ఇది ఉత్త గాలి కబురు కాదనిపించింది.

1776లో లండన్‌లో అచ్చయిన ‘ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్’ అనే పుస్తకం ఉంది. నథానియెల్ హాల్‌హెడ్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఇంగ్లీషు చేశాడు. ముందుమాటలో ఆయనే అంటాడు: సంస్కృతంలో జెంటూ అంటే ప్రాణి, ఇంకొంచెం కుదిస్తే మనిషి అని. పోర్చుగీసువాళ్ళు ఇక్కడి జనం నోట ఆ మాట పదేపదే విని, వీళ్ళ పేరే అదనుకుని ఉంటారని. ఇంతకంటే రుజువేం కావాలి?

నాకు ఇందులో సొంత పని కూడా ఉంది. మా ఊరి గ్రంథాలయం సంచిక కోసం పాత మద్రాసు మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో అడుగడుగునా జెంటూయే. కొన్నిచోట్ల ‘తెలుగు’ అని రాస్తే చక్కగా అతుకుతోంది, కొన్నిచోట్ల అసలు పొసగడం లేదు. తిట్టుని తిట్టులాగే ఉంచాలా, పెద్దమనసు చేసుకుని మార్చాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి_గట్టు

తిట్టేంటండీ బాబూ, అది మన పేరు! 1816లో మద్రాసులో ఏ.డి. కాంప్‌బెల్ వేసిన వ్యాకరణం అట్ట మీదే ఉంది, ఇది తెలుగు భాషా వ్యాకరణం, దీన్నే మామూలుగా జెంటూ అంటారు అని. తర్వాతి ఏడాదే విలియం బ్రౌన్ అనే ఇంకొకాయన (మన సీపీ బ్రౌన్ కాదు) ఏకంగా ‘జెంటూ భాషా వ్యాకరణం’ అనే పేరుతో పుస్తకం వేశాడు. దొరలే అచ్చేసి చెప్పాక ఇంక అనుమానం దేనికి? జెంటూ ఈజ్ ఈక్వల్ టు తెలుగు.

ఆ లెక్కన మీరు చెప్పిన జెంటూ లాస్ పుస్తకం కూడా తెలుగువాళ్ళ ధర్మశాస్త్రమే. ఇంగ్లీషులోకి వెళ్ళిన మొదటి తెలుగు న్యాయగ్రంథం మాది అని గర్వంగా చెప్పుకోవాల్సింది పోయి జంతువులూ పశువులూ అంటారేంటి. మీ వ్యాసంలో కళ్ళు మూసుకుని అన్నిచోట్లా ‘తెలుగు’ అని వేసేయండి.

పాతకాగితాలు

కళ్ళు మూసుకుని వేసేముందు ఆ పుస్తకం ఎలా పుట్టిందో చూడండి గోదారి గారూ. వారన్ హేస్టింగ్స్ బెంగాల్ గవర్నరుగా ఉన్నప్పుడు హిందువుల వారసత్వాలు, అప్పులు, దాయాదుల తగాదాలు వాళ్ళ శాస్త్రం ప్రకారమే తీర్చాలనుకున్నాడు. కలకత్తాకి పదకొండుమంది పండితుల్ని పిలిపించి సంస్కృతంలో ఒక గ్రంథం కూర్పించాడు. దాని పేరు వివాదార్ణవసేతు. దాన్ని పారసీలోకి తిప్పించారు. ఆ పారసీ నుంచి హాల్‌హెడ్ ఇంగ్లీషు చేశాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. ఈ మొత్తం తతంగంలో తెలుగుకి సంబంధమే లేదు. అక్కడ జెంటూ అంటే హిందువు, అంతే.

ఇక జంతువు సంగతి. హాల్‌హెడ్ ఆ మాట రాసింది నిజమే, తుంగభద్ర గారు సరిగ్గానే చదివారు. కానీ అది ఆయన ఊహ. అదే పేరాలో ఇంకాస్త కిందకి వెళ్తే, పోర్చుగీసువాళ్ళ మతపిచ్చి ఈ మాటని వాళ్ళ ‘జెంటైల్’ వైపు లాగి ఉండొచ్చని కూడా అంటాడు. అసలు సంగతి ఆ రెండోదే, తలకిందులుగా. పోర్చుగీసులో ‘జెంటియో’ అంటే క్రైస్తవుడు, యూదుడు, ముస్లిం కాని అన్యమతస్థుడు. లాటిన్ నుంచి వచ్చిన మాట. వాళ్ళు ఇండియాకి రాకముందే వాళ్ళ నోట్లో ఉంది. ఇక్కడికొచ్చాక ముస్లింలని ‘మూర్లు’ అన్నారు, హిందువులని ‘జెంటియోలు’ అన్నారు. ఇంగ్లీషువాళ్ళు ఆ రెండు మాటల్నీ అప్పు తెచ్చుకుని మూర్, జెంటూ చేసుకున్నారు.

ఒక చిన్న సాక్ష్యం. పదహారో శతాబ్దపు పోర్చుగీసు యాత్రికుడు మెండెస్ పింటో ఒక సముద్రపు దొంగ గురించి రాస్తూ, వాడు పుట్టుకతో చైనావాడు, జెంటియోగా ఉండి ఈమధ్యే మూర్ అయ్యాడు అంటాడు. చైనావాడి నోట సంస్కృత ‘జంతు’ శబ్దం ఎవరు విన్నారు?

పైగా హాల్‌హెడ్ చెప్పిన అర్థంలో కూడా పశువు లేదు. “జంతూనాం నరజన్మ దుర్లభం” అన్నప్పుడు జంతువంటే పుట్టిన ప్రతి ప్రాణీ. గేదెలకీ మేకలకీ కుదించుకున్నది వాడుక తెలుగులో మనమే. ఆ మెసేజ్ రాసినాయన ఈనాటి తెలుగు అర్థాన్ని తీసుకెళ్ళి 1776 నాటి ఇంగ్లీషు పుస్తకంలో పెట్టాడు.

తుంగభద్ర_తీరం

మాస్టారూ, జంతువు పోయిందనుకుందాం. దాని బదులు మీరిచ్చిందేమిటి? అన్యమతస్థుడు, విగ్రహాలకి మొక్కేవాడు. ఇదేమన్నా సన్మానమా? ఒక జాతి మొత్తాన్ని, వాళ్ళ భాషని కూడా ‘మా దేవుణ్ణి ఒప్పుకోనివాళ్ళ భాష’ అని పిలవడం అవమానం కాదా?

అదీకాక వాళ్ళకి అసలు పేరు తెలియక అన్నారనుకోడానికి లేదు. జాన్ ఫ్రయర్ అనే కంపెనీ డాక్టరు 1673లో మద్రాసు ప్రాంతం చూసి రాశాడు, ఇక్కడి భాషని మామూలుగా జెంటూ అంటారు, దాని సొంత పేరు తెలింగ అని. సొంత పేరు తెలిసి కూడా ఇంకో నూట యాభై ఏళ్ళు జెంటూ అనే అన్నారంటే ఏమనుకోవాలి?

ఓరుగల్లు_పిల్ల

తుంగభద్ర అన్నా, మాట పుట్టుక వేరు, వాడుక వేరు. పుట్టినప్పుడు మతం మాటే, సందేహం లేదు. కానీ పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి ఇంగ్లీషు గుమాస్తాలకి అది రోజువారీ మాట అయిపోయింది, రాసేవాడికి దాని వెనక ఏముందో గుర్తుండేది కాదు. 1781లో బ్రిటిష్ పార్లమెంటు కలకత్తా సుప్రీంకోర్టు గురించి ఒక చట్టం చేసింది. ఆస్తి, వారసత్వం, ఒప్పందాల గొడవలు మహమ్మదీయులకైతే మహమ్మదీయుల ధర్మం ప్రకారం, జెంటూలకైతే జెంటూల ధర్మం ప్రకారం తేల్చాలి అని అందులో ఉంది. తిట్టాలనుకున్నవాడు ఆ తిట్టుతోనే హక్కు రాసివ్వడు కదా.

ఈ మాట ఎంత వదులుగా తిరిగేదంటే, 1774లో కెప్టెన్ ఫారెస్ట్ బాలీ ద్వీపంలో దిగి అక్కడివాళ్ళని కూడా జెంటూలన్నాడు. బాలీవాళ్ళు హిందువులు, అందుకని. గోదారి గారి సూత్రం ప్రకారం బాలీలో అంతా తెలుగువాళ్ళే ఉండాలి 🙂

ఇంకా మంచిది జేమ్స్ రెన్నెల్ ఉత్తరం. ఆయన బెంగాల్‌కి సర్వేయర్ జనరల్, ఇండియా మ్యాపులకి పెద్ద పేరు. 1767లో ఇంటికి రాస్తూ, ఈ దేశపు అసలు భాష ‘బెంగాలా లేక జెంటూ’ అంటాడు. మర్యాదస్తుల భాష మూర్స్, పారసీ అంటాడు. మూర్స్ అంటే ఇప్పుడు మనం హిందుస్తానీ, ఉర్దూ అనేది. కాబట్టి బెంగాల్‌లో కూర్చున్నవాడికి జెంటూ భాష అంటే బెంగాలీ.

గోదారి_గట్టు

బెంగాల్ దొరలకి మన గురించి ఏం తెలుసు అమ్మా? వాళ్ళ మాట మద్రాసుకి చెల్లదు. మద్రాసులో మాత్రం జెంటూ అంటే తెలుగే, దీనికి హాబ్సన్-జాబ్సనే సాక్షి. యూల్, బర్నెల్ కలిసి కూర్చిన ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు, 1886. అందులో జెంటూకి రెండు అర్థాలిచ్చారు. ఒకటి హిందువులు, రెండోది ప్రత్యేకంగా తెలుగు మాట్లాడే హిందువులు, వాళ్ళ భాష.

కారణం కూడా చెప్పారు, శ్రద్ధగా వినండి. పోర్చుగీసువాళ్ళు వచ్చేసరికి దక్షిణాదిలో చాలా భాగం తెలుగు రాజ్యమైన విజయనగరం చేతిలో ఉంది. కాబట్టి హిందువులంటే ముందు గుర్తొచ్చేది తెలుగువాళ్ళే అయ్యారు. రాయల దర్బారు దర్జా ఆ మాటలో ఉంది. దీన్ని పట్టుకుని అవమానం అంటారా?

ఓరుగల్లు_పిల్ల

ఆ నిఘంటువులో ఆ వాక్యానికి ముందు ‘బహుశా’ అనే అర్థం వచ్చే మాట ఉంది. మీరు దాన్ని దాటేశారు.

నాకు ఆ కారణం మీద నమ్మకం లేదు. పోర్చుగీసువాళ్ళకి తెలుగువాళ్ళని విడిగా పిలవడానికి అప్పటికే ఇంకో మాట ఉంది: ‘బడగ’. ఉత్తరాదివాళ్ళు అనే అర్థంలో తమిళులు మనల్ని వడుగర్ అంటారు కదా, అదే. ఫ్రాన్సిస్ జేవియర్ అనే క్రైస్తవ మిషనరీ 1544లో రాసిన ఉత్తరాల్లో కన్యాకుమారి వైపు పరవ జాలర్ల మీద పడి దోచుకున్న బడగల గురించి ఉంటుంది. వాళ్ళు విజయనగరం తరఫున దిగిన నాయకుల సైన్యం. విజయనగరం తెలుగువాళ్ళని చూసే జెంటియో అనే మాట మనకి అంటుకుని ఉంటే, కళ్ళెదురుగా ఉన్న ఆ సైన్యాన్ని బడగలని ఎందుకన్నారు?

నా లెక్క వేరు. డచ్చివాడు వాన్ ట్విస్ట్ 1648లో రాసింది చూడండి: గోల్కొండ రాజ్యంలో ఉండే అన్యమతస్థులని జెంటివ్‌లు అంటారు అని. కీలకం గోల్కొండ. మచిలీపట్నంలో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ పదిహేడో శతాబ్దం మొదట్లోనే కోఠీలు (వర్తక స్థావరాలు) పెట్టారు, ఇంగ్లీషువాళ్ళది 1611. అక్కడ పైన ఏలేవాళ్ళు కుతుబ్‌షాహీలు, కాబట్టి అధికారులంటే మూర్లు. కింద బట్ట నేసేవాడు, అద్దకం వేసేవాడు, సరుకు సమకూర్చే కోమటి, అందరూ తెలుగు మాట్లాడే హిందువులు. ఆ రేవులో ‘హిందువు’ అన్నా ‘తెలుగువాడు’ అన్నా మనుషులు వాళ్ళే. దర్బారు దర్జా కాదు గోదారి గారూ, కలంకారీ గుడ్డల బేరంలో ఆ మాట మనకి అంటుకుంది. తర్వాత అదే కంపెనీ, అదే మాట మూట కట్టుకుని దక్షిణానికి మద్రాసు వెళ్ళింది.

ఎమర్జ్_బాబు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. కంప్యూటర్‌లో ‘జెంటూ లినక్స్’ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడతాను, అందుకే టైటిల్ చూసి ఆగాను. మా దాంట్లో సాఫ్ట్‌వేర్‌ని రెడీమేడ్‌గా దించుకోకుండా, ఎక్కువగా దాని సోర్స్ కోడ్ నుంచి మన మిషన్ మీదే తయారు (కంపైల్) చేసుకుంటాం. రాత్రి బ్రౌజర్‌కి పెట్టి పడుకుంటే తెల్లారి ఎర్రర్ చూపిస్తుంది, అదో టెన్షన్. 2002లో మొదటి వెర్షన్ వచ్చింది. పేరు జెంటూ పెంగ్విన్‌ది, నీళ్ళలో అన్ని పెంగ్విన్‌ల కంటే వేగంగా ఈదుతుంది, గంటకి 36 కిలోమీటర్ల దాకా. ఇంతకీ ఆ పెంగ్విన్‌కి మన పేరు ఎలా వచ్చింది? ఒక కంటి నుంచి ఇంకో కంటికి తల మీదుగా తెల్లటి పట్టీ ఉంటుంది, అది జెంటూల తలపాగాలా కనబడిందని ఎక్కడో చదివాను.

పాతకాగితాలు

తలపాగా కథ చాలాచోట్ల కనిపిస్తుంది, కానీ అది ఊహే. ఆ పక్షి పేర్లతో జాగ్రత్తగా ఉండాలి. దాని శాస్త్రీయ నామంలో ‘పపువా’ ఉంది, 1781లో ఫోర్‌స్టర్ పెట్టాడు. పపువాలో పెంగ్విన్‌లే లేవు. ఒక పేరు ఇంత అడ్డంగా తప్పిన చోట రెండో పేరుని మన వంశవృక్షంలో చేర్చుకోనక్కర్లేదు. ఒకవేళ తలపాగా నిజమే అయినా అది తెలుగు తలపాగా అని ఎవరు చెప్పగలరు, బాలీ తలపాగా కూడా కావచ్చు.

అసలు తగాదాకి వద్దాం. ఓరుగల్లు అమ్మాయి చెప్పిన మచిలీపట్నం దారి నాకూ నచ్చింది. దానికి ఇంకో ముక్క కలుపుతాను, తుంగభద్ర గారి అనువాదానికి పనికొస్తుంది. మద్రాసు కాగితాల్లో జెంటూ ఎదురైతే ముందు దాని పక్కన ఏ మాట ఉందో చూడండి.

పక్కన ‘మూర్’ ఉంటే లెక్క మతానిది. జెంటూ అంటే హిందువు.

పక్కన ‘మలబారు’ ఉంటే లెక్క భాషది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ కాలపు ఇంగ్లీషులో మలబారు భాష అంటే మలయాళం కాదు, తమిళం. పోర్చుగీసువాళ్ళు ముందు దిగింది కేరళ తీరంలో. అక్కడి పేరునే తూర్పు తీరానికి కూడా మోసుకొచ్చారు. 1578లో కొల్లంలో అచ్చయిన తమిళ క్రైస్తవ ప్రశ్నోత్తరి మీద భాష పేరు ‘మలబారు తమిళం’ అని కలిపి ఉంటుంది. తర్వాత ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో చాలాచోట్ల తమిళం అనే మాట రాలిపోయి ఒట్టి మలబారు మిగిలింది. కాబట్టి ‘మలబారు, జెంటూ భాషల్లో టముకు వేయించారు’ అని ఉందనుకోండి, తమిళంలోనూ తెలుగులోనూ అని. అక్కడ ‘హిందూ భాష’ అని రాస్తే అర్థమే లేదు.

అందుకే గోదారి గారి ‘తెలుగు’ అర్థమూ సగం నిజమే, హాల్‌హెడ్ పుస్తకంలోని ‘హిందువు’ అర్థమూ సగం నిజమే. ఏ ఎండకా గొడుగు పట్టిన మాట ఇది.

తుంగభద్ర_తీరం

ఇది బాగా పనికొచ్చింది మాస్టారూ. నా వ్యాసంలో పొసగని చోట్లన్నీ మూర్ పక్కన ఉన్నవే.

కానీ నా ఆక్షేపణ అలాగే ఉంది. పుస్తకాల పేర్లు వరసగా పెట్టి చూశాను. 1814లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో విలియం కేరీ అనే మిషనరీ వేసిన వ్యాకరణం పేరు తెలింగ. 1816లో కాంప్‌బెల్ ‘తెలుగు, అదే జెంటూ’ అని రెండూ పెట్టాడు. 1817లో విలియం బ్రౌన్ మళ్ళీ వెనక్కెళ్ళి జెంటూ. 1840లో సీపీ బ్రౌన్ వ్యాకరణానికి వచ్చేసరికి ఒక్క తెలుగే మిగిలింది. ఫ్రయర్‌కి 1673లో తెలిసిన సంగతి అచ్చులో తేలడానికి అన్నేళ్ళు పట్టింది. వాళ్ళు కావాలని తిట్టలేదు, ఒప్పుకుంటాను. పట్టించుకోలేదు. నాకైతే అదింకా కోపం తెప్పిస్తోంది.

ఓరుగల్లు_పిల్ల

ఆ కోపం న్యాయమైనదే అన్నా. అయితే ఒక్క మాట. కాంప్‌బెల్ పుస్తకానికి ముందు ఎల్లిస్ అనే మద్రాసు కంపెనీ అధికారి రాసిన నోట్ ఉంటుంది, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో పాటు వేరే కుటుంబం అని ఉదాహరణలతో చూపించింది అక్కడే. ద్రావిడ భాషల వ్యాకరణం రాసి పేరు తెచ్చుకున్న కాల్డ్‌వెల్ కంటే నలభై ఏళ్ళు ముందు. జెంటూ అని అట్ట మీద ఉన్న ఆ పుస్తకంలోనే మన భాషని మొదటిసారి సరిగ్గా చూశారు. అందుకే ఆ మాట కనబడగానే నాకు ఒళ్ళు మండదు.

గోదారి_గట్టు

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనుకోండి, పర్లేదు. మూర్ ఉంటే హిందువు, మలబారు ఉంటే తెలుగు, బాగానే ఉంది. పక్కన ఏదీ లేకపోతే? ‘ఒక జెంటూ వర్తకుడు’ అని ఒంటరిగా ఉంటే ఏం చేస్తారు? అప్పుడు తెలుగే వేయాలి. మద్రాసులో కంపెనీతో వ్యాపారం చేసిన పెద్ద తలకాయలు బేరి తిమ్మన్న, కాశీ వీరన్న, అందరూ మనవాళ్ళే. కంపెనీకి స్థలం ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడూ మనవాడే.

పాతకాగితాలు

పేరు ఇస్తే పేరు చూసి తేల్చవచ్చు. తిమ్మన్న అని ఉంటే నాకూ పేచీ లేదు. పేరు లేకుండా ‘ఒక జెంటూ వర్తకుడు’ అని మాత్రమే ఉంటే వాడు గుజరాతీ కావచ్చు, తమిళ చెట్టియారు కావచ్చు. అక్కడ జెంటూని అలాగే తెలుగు లిపిలో ఉంచి, మొదటిసారి వచ్చిన చోట కింద రెండు లైన్లు వివరం రాస్తే చాలు. తెలియని మనిషికి మన ఇంటిపేరు పెట్టడం ఎందుకండీ.

గోదారి_గట్టు

చదివేవాడికి ప్రతిసారీ కిందికి చూడాలంటే విసుగు. నేనైతే తెలుగు అనే వేస్తాను. ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకుందాం.

తుంగభద్ర_తీరం

మాస్టారి పద్ధతే పాటిస్తున్నాను. మొదటి పేరా ఇలా మార్చాను, ఒకసారి చూడండి:

“కోటకి ఉత్తరాన ఉన్న నల్లవారి పేటలో తెలుగువాళ్ళు, మలబారులు వేరువేరు వీధుల్లో ఉండేవారు. హిందువులకీ మూర్లకీ మధ్య తగాదా వస్తే ఇరుపక్షాల పెద్దల్నీ గవర్నరు పిలిపించేవాడు.”

రెండు వాక్యాల్లోనూ ఇంగ్లీషులో ఉన్నది జెంటూయే.

పాతకాగితాలు

జెంటూలు రెండూ సరిగ్గా కుదిరాయి. కానీ మలబారులని అలాగే వదిలేశారు, మీ ఊళ్ళో చదివేవాళ్ళు కేరళవాళ్ళనుకుంటారు. ‘తమిళులు’ అని మార్చండి. మూర్లు అన్నచోట ‘ముస్లింలు’ అనండి.